నేను ఒప్పించిన నేరం

నా తమ్ముడి చేత నేరం ఒప్పించింది పోలీసులు కాదు, లాయరు కాదు. తోడబుట్టిన అక్కని, నేనే.

నాలుగేళ్ళ కిందట, మేముంటున్న ఈ పరాయి దేశంలో, వుడ్‌ల్యాండ్స్ పేటలో వాడి బ్యాగులో గంజాయి పొట్లం దొరికింది. "నాది కాదక్కా, ఫ్రెండ్ పెట్టాడు. కేసు ఫైట్ చేస్తా" అని మొత్తుకున్నాడు. అబద్ధమాడితే వాడి చెవులు ఎర్రబడతాయి, చిన్నప్పటినుంచీ అంతే. ఆ రోజు ఎర్రబడలేదు. నేను చూశాను.

కానీ నెలన్నరలో క్లెమెంటీలో మా కొత్త ఫ్లాట్ గృహప్రవేశం. వాట్సాప్ గ్రూపులో ఊరందరినీ పిలిచేశాం. మాకు పెద్ద దిక్కులాంటి అంకుల్ ఒకాయన వచ్చి, "విచారణంటే ఏడాది పడుతుందమ్మా. ఏడాదంతా మన తెలుగువాళ్ళ నోళ్ళలో నానాలి. గిల్టీ అనేయమను, కొద్ది నెలల్లో గప్‌చుప్‌గా అయిపోతుంది" అన్నారు. లాయరమ్మ మాత్రం, కష్టమే గానీ పోరాడదాం అంది. నాకు అంకుల్ మాటే బంగారంలా తోచింది. నా మొహం మండా!

కోర్టులో వాడు వెనక్కి తిరిగి నా వంక చూశాడు. ఒప్పుకోమని తలాడించాను. ఒప్పుకున్నాడు. ఆరు నెలల శిక్ష పడింది. గృహప్రవేశానికొచ్చినవాళ్ళు తమ్ముడేడీ అంటే, ప్రాజెక్టు మీద ఆస్ట్రేలియా వెళ్ళాడని చెప్పాను, పులిహోర వడ్డిస్తూ. అంకుల్ మారు వడ్డించుకున్నారు.

బయటికొచ్చాక ఎక్కడా సరైన ఉద్యోగం దొరకలేదు. నాతో మాట్లాడ్డం మానేశాడు. జైల్లో పరిచయమైనవాళ్ళే వాడికి స్నేహితులయ్యారు. ఈ ఏడాది మళ్ళీ పట్టుబడ్డాడు. ఈసారి పొట్లం వాడిదే. నాదే అని కోర్టులో వాడే చెప్పాడు, చెవులు ఎర్రబడకుండా.

ఆ లాయరమ్మ దగ్గరికే పరిగెత్తాను. "ఇదే మొదటిసారైతే నెలలతో పోయేది. పాత శిక్ష ఒకటుంది కాబట్టి రెండేళ్ళకంటే తగ్గించడానికి జడ్జికి కూడా వీల్లేదు" అంది.

"అప్పుడది వాడిది కాదు కదా మేడం!"

"ఒప్పుకున్నాడు కదమ్మా" అంది.

ఏం చట్టమో, ఏం పాడో! తిట్టాను. ఇంటికొచ్చి అంకుల్‌ని అంతకంటే తిట్టాను. ఆయన ఇప్పుడు నేను ఎదురైతే ఫోను చూసుకుంటూ లిఫ్టు ఎక్కేస్తారు. ఎవర్ని తిట్టి ఏం లాభం, ఆ రోజు తలాడించిన మనిషిని నేనేగా. పైన పడబోయే నెలలన్నీ నేను వేయించినవే.

శిక్ష వేసే రోజు ముందుగా పాత నేరం చదివారు. ఫలానా తేదీ, గంజాయి, ఆరు నెలలు. "ఇది నిజమేనా? ఒప్పుకుంటున్నావా?" అని అడిగారు. కాదని చెప్పరా, ఇప్పుడైనా కాదని చెప్పరా నాయనా అని వెనక బెంచీలో కూర్చుని లోలోపల మొత్తుకున్నాను. వాడు తిరిగి చూస్తే ఈసారి అడ్డంగా తలాడిద్దామని చూస్తున్నాను.

వాడు వెనక్కి తిరగలేదు. "ఎస్" అన్నాడు.