పన్నెండో మనిషి కాళ్లు

పంతొమ్మిదివందల యాభైల చివర, ముత్తుకూరు నుంచి నెల్లూరు వెళ్లే బస్సు. చేపల గంపల నుంచి కారిన నీళ్లు సీట్ల కింద పారుతున్నాయి. నా పక్కనున్న పెద్దాయన కాళ్లు రెండూ సీటు మీదికి ముడుచుకుని కూర్చున్నాడు. మడమలు రాయితో తోమినట్టు శుభ్రంగా ఉన్నాయి. దించమని కండక్టరు కసిరినా దించలేదు.

“కాళ్లకు దెబ్బేమన్నా తగిలిందా పెద్దాయనా?” అన్నాను.

“లేదయ్యా. యేసుసామి శిష్యులకు చేసినట్టు, నిన్న గుడిలో ఫాదరుగారు పన్నెండుమంది కాళ్లు కడిగినాడు. మా ఊళ్లో ఈ ఏడే మొదలు. నన్నూ ఆయనే పిలిచినాడు. తీరా బల్ల మీద కూర్చున్నాక లేపేసినాడు.”

“ఎందుకని?”

“మాలోడి కాళ్లు కడిగిన చేత్తో సత్ప్రసాదం పెడితే మేం తీసుకోం అన్నారంట, పెద్ద వీధి కిరస్తానీలు. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు ఫాదరు, నా మొకం చూడకుండా.”

ఆ ఫాదరెవరో నాకు తెలియదు. ఆయన మీద కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

పెద్దాయన కాసేపు కిటికీలోంచి ఉప్పుమళ్లు చూశాడు.

“తనను పట్టియ్యబోయే యూదా కాళ్లు కూడా సామి కడిగినాడంట. మొన్న ఆదివారం ఆ ఫాదరే చెప్పినాడయ్యా.”

అని, రెండు కాళ్లూ దించి ఆ చేపల నీళ్లలో పెట్టాడు.