కారణం రాయని ప్యాచ్

ఆమెకు జల్లెడమ్మ అని పేరు పెట్టింది ప్యాచ్‌లు పంపేవాళ్లే. కంప్యూటర్లో ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే ఫైల్‌సిస్టమ్ ఒకటుంది. దాని కోడ్ అందరిదీ, ఎవరైనా దిద్దవచ్చు. ఆ దిద్దుబాటునే ప్యాచ్ అంటారు. ఎక్కడెక్కడి నుంచో మెయిల్లో వచ్చే ప్యాచ్‌లను వంటింటి బల్ల దగ్గర కూర్చుని జల్లించి, మంచివి కలిపి, మిగతావి తిప్పికొట్టడం ఆమె పని.

"ఊళ్లోవాళ్ల తప్పులన్నీ దిద్దుతావు, మన కుళాయి మాత్రం కారుతూనే ఉంటుంది" అని భర్త దెప్పుతాడు.

"మీరు ప్యాచ్ పంపండి, చూస్తాను" అంటుంది.

ఆ జల్లెడ పట్టడం నేర్పింది మాస్టారు. ఆ ఫైల్‌సిస్టమ్‌లో సగం ఆయన రాసిందే. ఆమె మొదటి ప్యాచ్‌ను నిర్మొహమాటంగా తిప్పికొట్టాడు మహానుభావుడు. ఏం మార్చావో కోడే చెబుతుంది, ఎందుకు మార్చావో నువ్వు చెప్పాలని ఆయన పట్టు. కారణం రాయని ప్యాచ్ ఎంత మంచిదైనా గడప దాటేది కాదు. ఎవరి ప్యాచ్ వాళ్లే కలుపుకోకూడదు, రెండోవాళ్లు చూసి సరే అనాలి. కాపలాదారులు, అంటే ప్యాచ్‌లు కలిపే హక్కున్నవాళ్లు, ఈ ఇద్దరే కాబట్టి ఆమెవి ఆయన, ఆయనవి ఆమె చూసేవారు.

పోయిన నెల మాస్టారు, ఎప్పుడో తానే సరిచేసిన తప్పుకు మళ్లీ ప్యాచ్ పంపాడు. ఇది ఎప్పుడో కలిపేశామని ఆమె జవాబిచ్చింది. మర్నాడు అదే వచ్చింది. ఆ తర్వాత ఆమెను అడగకుండానే పాత కోడ్ తెచ్చి కొత్తదాని మీద పెట్టేశాడు. ఆమె చూసి వెనక్కి తీసేలోపే ఒక ఫొటోగ్రాఫర్ డిస్కు పాడైంది. ఎవరివో పెళ్లి ఫొటోలన్నీ పోయాయి.

ఇక ఆయన చేతిలో ఆ కోడ్ తాళంచెవి ఉంచడానికి వీల్లేదు. ఫోన్ చేస్తే మాస్టారి భార్య ఎత్తింది. జల్లెడమ్మ ఆవిడకే సంగతి చెప్పింది.

"టీ తాగారో లేదో కూడా గుర్తుండట్లేదమ్మా. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే ఆయన ఆయనలా ఉంటున్నారు. అది కూడా తీసేస్తావా?"

"తప్పట్లేదు పిన్నిగారూ" అంది జల్లెడమ్మ.

కాపలాదారుల పేర్లలోంచి ఆయన పేరు తీసేసే ప్యాచ్ ఆమే రాసింది. పోయేది ఒక్క వరసే. కారణం రాయవలసిన చోట రాసి, చెరిపి, చివరికి ఖాళీగా వదిలి పంపింది. దాన్ని చూసి సరే అనవలసింది మళ్లీ ఆయనే. ఎంత పాపిష్టి నియమం!

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. "మార్పు సరిగ్గానే ఉంది. కారణం ఏదమ్మా? ఎన్నిసార్లు చెప్పాను? ఇలా అయితే తీసుకోను."

ఆమె బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని రాసింది: "మాస్టారికి జ్ఞాపకం తప్పుతోంది. ఆయన కలిపిన పాత కోడ్ వల్ల ఒకరి ఫైళ్లు పోయాయి. ఇందులో సగం ఆయన రాసిందే, దాన్ని కాపాడటానికే ఈ మార్పు."

"ఇప్పుడు బాగుంది, కలుపు" అన్నాడు మాస్టారు. ఆమె కలిపింది.

మర్నాడు పొద్దున మెయిల్ తెరిస్తే ఆయన దగ్గర నుంచి పోయిన నెల పంపిన అదే పాత ప్యాచ్. కింద కారణం పొల్లుపోకుండా ఉంది. ఎప్పుడో కలిపేశామని ఈసారి ఆమె రాయలేదు. "అందింది మాస్టారూ, చూస్తాను" అని రాసి, దాన్ని మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది.