అంచులో చుక్కలు

మా బాగేపల్లి కాలేజీ గ్రంథాలయంలో ఇంగ్లీషు లెక్చరర్ ఒక మూల బల్ల వేయించి, అట్టముక్క మీద ‘రైటింగ్ సెంటర్’ అని రాసి తగిలించాడు. చిక్కబళ్లాపురం కొత్తగా జిల్లా అయిన రోజులవి. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్న నన్ను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి, కింది తరగతుల పిల్లలు రాసుకొచ్చిన ఇంగ్లీషు చూడమన్నాడు. షరతు ఒక్కటే: నా కలం వాళ్ల కాగితం మీద పడకూడదు. తప్పు వాళ్లే పట్టుకోవాలి, వాళ్లే దిద్దుకోవాలి.

వినడానికి బాగానే ఉంటుంది. అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. వచ్చినవాళ్లకు కావలసింది రాసిచ్చే మనిషి. నేను ప్రశ్నలు అడిగితే మొహం చిట్లించేవాళ్లు. "నువ్వు పెట్టా పెట్టవు, అడుక్కు తినా తిననియ్యవు కదక్కా" అని ఒకడు నా మొహం మీదే అని లేచిపోయాడు. వాడికి రాసిపెట్టడం నాకెంత సేపు? రాయకుండా చేతులు కట్టుకుని కూర్చోవడమే గాడిద చాకిరీ. చివరికి ఒక ఉపాయం కనిపెట్టాను. తప్పున్న వరుస పక్కన, అంచులో, పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టేదాన్ని. ఏం తప్పో చెప్పేదాన్ని కాదు. వెతుక్కోవాలి.

ఓపిగ్గా వెతుక్కున్నది ఒక్కతే. గుడిబండె అవతలి పల్లె నుంచి బస్సులో వచ్చే మొదటి ఏడాది అమ్మాయి. ఇంగ్లీషు అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారి కూడా తప్పితే కాలేజీ మాన్పిస్తానని వాళ్ల నాయన తేల్చి చెప్పాడు. ఇంటర్నల్ మార్కుల కోసం నీటి ఎద్దడి మీద వ్యాసం రాయాలి. ఖాళీ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది.

"మీ ఊర్లో నీళ్లుండాయా?" అని అడిగాను.

"యాడుండాయక్కా? మొన్న బోరు ఏపిచ్చినాం. దుమ్మొచ్చింది. బోరు లారీ వాళ్లకి మాయమ్మ అన్నం పెట్టింది. మేం తిన్లేదు."

"అదే రాయి."

"ఇదేం వ్యాసమక్కా?"

అయినా రాసింది. చిన్న చిన్న వాక్యాలు. చుక్క పెట్టిన చోటల్లా నిఘంటువు తిరగేసి, కొట్టేసి, మళ్లీ రాసింది. నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఆ బల్ల దగ్గర నేను సంతోషపడింది ఆ కొన్ని రోజులే.

ఆమె సాపు ప్రతి ఇచ్చాక లెక్చరర్ ఇద్దరినీ పిలిపించాడు. కాగితం నా ముందుకు తోశాడు. అందులో తప్పుల్లేవు. కానీ అంచులో చుక్కలున్నాయి, సిరాతో. పిచ్చిపిల్ల, తప్పులన్నీ దిద్దుకుని, చుక్కలు కూడా జాగ్రత్తగా ఎక్కించింది. అక్క పెట్టింది కదా, ఉండాలేమో అనుకుంది.

"ఇవి నీ చుక్కలే కదమ్మా?" అన్నాడు.

"నావే సార్. తప్పు యాడుండాదో చూపించేదానికి. రాసింది ఈ పిల్లే."

"చుక్క పెట్టిన చెయ్యి అక్షరం పెట్టదా? గుడిబండె బస్సు దిగొచ్చే పిల్ల ఇట్ల రాస్తాదా?" ఆమె వైపు తిరిగాడు. "నిజం చెప్తే ఇంకోసారి రాయనిస్తా. లేదంటే సున్నా."

ఆమె నా వైపు చూడలేదు. "అక్క రాసిచ్చింది సార్" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. సున్నా వస్తే ఆ పిల్ల చదువు ఆగిపోతుందని తెలుసు. తెలిసినా మండింది. రేపటి నుంచి బల్ల దగ్గరికి రావద్దని నాతో చెప్పి ఆయన హాజరు పట్టీ తెరుచుకున్నాడు.

కొన్నాళ్లకు ఆ పిల్ల వరండాలో ఎదురొచ్చి, కొత్త వ్యాసం నా చేతిలో పెట్టింది. చింతామణిలో ఉండే మేనమామ తెచ్చిన గైడులోంచి మక్కీకి మక్కీ దింపింది. నీరు ప్రాణాధారమట, ప్రతి పౌరుడూ పొదుపుగా వాడాలట. బోరు లేదు, దుమ్ము లేదు, వాళ్లమ్మ లేదు. కింద ఎర్ర సిరాతో పాసు మార్కులు, పక్కన ఇంగ్లీషులో లెక్చరర్ మాట: ఇప్పుడు ఇది నీ సొంత రాత.

"పాసైనానక్కా" అంది. చూపు నేల మీదే ఉంది. "ఈసారి చుక్క పెట్టేదానికి యాడా లేదు కదా?"

మొత్తం చదివాను. గైడు వాడి ఇంగ్లీషు, తప్పెందుకుంటుంది.

"యాడా లేదు" అన్నాను.