గోల్ఫు కట్టెలకు రబ్బరు తొడిగిన మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు పోయిన నెల ఒక పొద్దున, నేను బడిలో హాజరు వేస్తుండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆమె పక్కింటామె. "మీ అత్త ఇగ లేదు బిడ్డా. చాయ్ పెడ్తా అని లేచింది, పొయ్యి ముట్టియ్యకముందే కూలబడ్డది" అంది. గోదావరిఖని బస్సులో కూర్చున్నాక నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక మనిషి నోటినుంచి ఒక్క మాట వినాలని మా అత్త ఎనిమిదేళ్లు కాచుకొని కూర్చుంది. అది వినకుండానే పోయింది.

చనిపోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను, ఆమెలో మంచికి కొదవలేదు. బతికున్నవాళ్ల గురించి మాత్రం అలాంటి నియమం ఉన్నట్టు నేనెక్కడా వినలేదు.

మా మామ బొగ్గు గనిలో, బొగ్గు మోసే బెల్టులకు ఫిట్టరుగా పనిచేస్తూ జబ్బుచేసి పోయాడు. ఆయన బదులు అత్తకు మజ్దూరు పని ఇచ్చి, ఆఫీసర్ల క్లబ్బు గోల్ఫు మైదానానికి పంపారు. గోల్ఫు అనగానే టీవీలో చూపించే పచ్చటి గడ్డి గుర్తుకొస్తుంది. రామగుండం ఎండకు అలాంటి గడ్డి ఎక్కడ బతుకుతుంది? మా దగ్గర బంతి పడాల్సిన గుంత చుట్టూ గడ్డికి బదులు ఇసుక, అందులో కలిపిన పాత నూనె. ఆడేవాళ్లు తొక్కిపోయిన ఆ ఇసుకను పొడుగు పలకతో మళ్లీ చదును చేయడం మా అత్త డ్యూటీ. గోల్ఫు క్లబ్బులని అందరూ అనేవాటిని ఆమె జీవితాంతం కట్టెలనే అంది.

ఆ కట్టెకు చేతితో పట్టుకునేచోట రబ్బరు తొడుగు ఉంటుంది. దాన్ని గ్రిప్పు అంటారు. మా ఎండకు, చెమటకు, గాలిలో ఉండే బొగ్గు పొడికి అది ఏడాది తిరక్కముందే గట్టిపడి నున్నగా జారుతుంది. ఒకసారి హైదరాబాదునుంచి ఒక మెకానిక్కు వచ్చి, క్లబ్బు వరండాలో కూర్చొని వరసగా కట్టెలన్నిటికీ కొత్తవి ఎక్కించి వెళ్లాడు. అతనికి మంచినీళ్లు అందిస్తూ అత్త రెండు పూటలు చూసింది. మూడో పూటకు పని ఆమె చేతికి వచ్చేసింది.

ఎంత చిన్న పనో చెప్తాను, ఇంట్లోనే ఎవరైనా చేసుకోవచ్చు. పాత రబ్బరును బ్లేడుతో నిలువునా చీల్చి ఊడదీయాలి, బ్లేడు మాత్రం ఎప్పుడూ ఒంటికి అవతలివైపే నడవాలి. కింద మిగిలిన పాత టేపు గీకేసి, రెండువైపులా అంటుకునే కొత్త టేపు చుట్టాలి. కొత్త గ్రిప్పు చివర చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని వేలితో మూసి లోపల కాస్త పెట్రోలు పోసి, గిలకరించి, అదే పెట్రోలును టేపు మీదికి వంచి, గ్రిప్పును తోసేయాలి. పెట్రోలు తడికి టేపు జారుతుంది, ఆరాక పట్టేస్తుంది. "ఒక్క ఊపుల ఎక్కియ్యాలె. నడుమ ఆగినవా, ఇగ అది నీ మాట వినది" అనేది అత్త. కిరసనాయిలు ఎందుకు పోయొద్దని నేనడిగితే, "ఎక్కుతది గని ఆరది. కొట్టేటప్పుడు చేతుల్నే తిరుగుతది" అంది.

హైదరాబాదు దుకాణంలో గ్రిప్పు ధర కాకుండా ఒక్కో కట్టెకు నూటయాభై కూలి. ఒక్కో ఆఫీసరు సంచిలో ఉండే పదమూడు కట్టెలకు దగ్గరదగ్గర రెండువేలు, పంపడానికి, తెప్పించడానికి వేరే ఖర్చు, పైగా పదిరోజులు ఆట బంద్. మా అత్త కట్టెకు ఇరవై తీసుకునేది. టేపు, బ్లేడు, అరగ్లాసు పెట్రోలు కొనుక్కుంటే ఆ ఇరవై కూడా అక్కర్లేదని ఆమే అందరికీ చెప్పేది. "సొంతంగ జేసుకుంటే అగ్గువనే సారూ. గని ఒకటి రెండు ఖరాబు జేసుకునే ధైర్యం ఉండాలె" అనేది. ఆ ధైర్యం ఉన్న ఆఫీసరు ఒక్కడూ దొరకలేదు.

ఊడదీసిన పాత గ్రిప్పులు పారేయడానికి ఆమెకు మనసొప్పేది కాదు. మా ఇంట్లో చీపురుకు, అట్లకాడకు, గొడుగుకు అన్నిటికీ నల్ల రబ్బరు చుట్టి, దారంతో కట్టి ఉండేది. వాటి అరుగుదల చూసి మనుషుల గుణాలు చెప్పేది. బొటనవేలి దగ్గర గుంతపడ్డ గ్రిప్పు చూపించి, "ఈ సారును ఇంట్ల నోరు లేవనియ్యరు కోడలా. ఆ కోపమంత గీ కట్టె మీద తీస్తుండు" అని నవ్వేది. నేను అప్పుడు బీఎడ్ చదువుతూ ఆమె క్వార్టర్లోనే ఉండేదాన్ని. నన్ను పేరుపెట్టి ఎన్నడూ పిలవలేదు, కోడలా అనేది.

ఇక ఆ మనిషి సంగతి. క్లబ్బు వ్యవహారాలు చూసే పెద్ద ఆఫీసరు ఆయన. పేరు రాయను, రాస్తే మా అత్త పక్కన ఆయన పేరు అచ్చవుతుంది. పేరు వెనక తగిలించే 'గారు' కూడా నా దగ్గర ఖర్చుకాలేదు. హైదరాబాదునుంచి కొత్త గ్రిప్పులు తెచ్చి ఒక ఉదయం అత్తకు ఇచ్చాడు. సంచి మీద పదమూడని రాసుంది. లోపల పన్నెండే ఉన్నాయి. అత్త పన్నెండు కట్టెలకు తొడిగి, పదమూడోది పాత రబ్బరుతోనే పక్కన పెట్టి, సాయంత్రం ఆ మాటే చెప్పింది.

"పదమూడు తెచ్చాను. ఒకటేమైంది?" అన్నాడట.

"నాకు పన్నెండే ముట్టినయి సారూ."

అప్పుడే డ్యూటీ దిగిన మనుషులు క్లబ్బు గేటు ముందునుంచి పోతున్నారు. వాళ్లందరి ముందు గేటు దగ్గర గార్డును పిలిచి అత్త సంచి కింద కుమ్మరించమన్నాడు. టిఫిను డబ్బా మూత తీయించాడు. వక్కాకు తిత్తి విప్పించాడు. ఏమీ దొరక్కపోయేసరికి, "కొంగు దులుపు" అన్నాడు. మొగుడు పోయిన ఆడమనిషి, యాభై ఏళ్లు దాటిన మనిషి, నడిరోడ్డు మీద నిలబడి చీరకొంగు దులిపి చూపించింది. గ్రిప్పు రాలలేదు. ఆయన క్షమించమనలేదు. మర్నాటినుంచి అత్తను మైదానం తప్పించి బొగ్గులో రాళ్లు ఏరే పనికి మార్పించాడు.

వారం తర్వాత ఆయన కారు డ్రైవరు మా క్వార్టర్‌కు వచ్చాడు. కాలనీ అంతా భాయ్ అని పిలిచే మనిషి. ఇచ్చిన చాయ్ తాగకుండానే మొదలుపెట్టాడు.

"అక్కా, పార్సిల్ వచ్చింది దుకాణంకెల్లి. నేనే తెచ్చిన. లోపల గ్రిప్పు ఒక్కటే ఉండె. చిట్టీ గూడ ఉండె, గప్పుడు స్టాకు లేకుండె, పదమూడోది ఇప్పుడు పంపుతున్నం అని. సారు సదివి జేబుల పెట్టుకున్నడు. నా ముంగటనే అక్కా. నేను జెప్పిన అని అనకు, నా నౌకరి పోతది."

"నీ పేరు నా నోట్లెకెల్లి రాదు భాయ్. ఫికర్ జెయ్యకు" అంది అత్త.

అదే ఆమె చేతులు కట్టేసింది. నిజం తెలుసు, రుజువుందని తెలుసు, నోరు విప్పితే ఒక డ్రైవరు పొట్ట కొట్టినట్టవుతుంది. కాబట్టి ఆ మాట ఆ ఆఫీసరే చెప్పాలి, పదిమందిలో చెప్పాలి. ఆ రోజునుంచి మా అత్తకు బతుకులో కావలసింది అదొక్కటే.

ఆమె పగ తీర్చుకునే తీరు వేరు. గ్రిప్పులు తొడగడం ఆపేసింది. మిగతా ఆఫీసర్లు కట్టెలు పట్టుకొని వస్తే మర్యాదగానే, "మీ మీద కోపం లేదు సారూ. గని చేతులు అటు దిక్కు పోతలెవ్వు" అనేది. అందరూ హైదరాబాదుకు పంపించుకోవలసి వచ్చింది. ఒక్కొక్కరికి రెండువేలు చిలుము వదిలింది, వదిలినప్పుడల్లా ఆయన్ని తిట్టుకున్నారు. ఆ సంగతి భాయ్ వచ్చి చెప్తుంటే అత్త వక్క కొరుకుతూ, "ఇంకోసారి చెప్పు" అనేది. నాకూ పండగలా ఉండేది. ఉంటే తప్పేంటి?

మరుసటేడు పక్క ఏరియా ఆఫీసర్లతో పోటీ పెట్టుకున్నారు. హైదరాబాదుకు పంపే టైం లేదు, ఖర్చు పెట్టే మనసూ లేదు. ఆయన సొంతంగా చేసుకుందామనుకున్నాడు. పాత రబ్బర్లన్నీ చీల్చి ఊడదీశాక గుర్తొచ్చింది, లోపల ఏం పోయాలో తెలియదని. అడిగి రమ్మని భాయ్‌ని పంపాడు. అత్త డ్యూటీలో ఉంది. ఇంట్లో నేనే ఉన్నాను.

"సైకిలు ట్యూబుకు పంచరేసే సొల్యూషన్ పోస్తది అత్త. మంచిగ దండిగ పొయ్యమను" అన్నాను.

భాయ్ నా మొహం చూశాడు. నవ్వలేదు. "సొల్యూషన్" అని ఒకసారి తనలో తాను అనుకొని వెళ్లిపోయాడు.

మొదటిది సగంలో పట్టేసింది. తక్కువ పోశాననుకొని రెండోదానికి ఎక్కువ పోశాడట. ఐదో కట్టెకు గానీ ఆ పెద్ద చదువుకు విషయం అర్థం కాలేదు. ఐదు కట్టెలకు సగం సగం రబ్బర్లు, ఎనిమిదింటికి ఒట్టి ఇనుము, మర్నాడు పోటీ. సాయంత్రం సంచి భాయ్‌తో మోయించుకొని మా క్వార్టర్‌కు వచ్చాడు.

అత్త కుర్చీ వేసింది. మంచినీళ్లిచ్చింది. కట్టెలు ఒక్కొక్కటే తీసి చూసి, ఎండిన సొల్యూషన్‌ను గోటితో గీకి, నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు నేను తలుపు వెనక్కి జరిగాను.

"తెల్లారే వరకు అన్నీ జేసిస్త సారూ. పైస వద్దు. రేపు ఫస్టు షిఫ్టు దిగేటాల్లకు గేటు కాడికి వచ్చి, ఎన్ని గ్రిప్పులు తెచ్చిండ్రో ఒక్కసారి చెప్పుండ్రి."

"ఎప్పటి సంగతో, నాకు గుర్తు లేదమ్మా. హైదరాబాదు రేటు ఇస్తాను. దానికి రెట్టింపు ఇస్తాను."

"పైస ఎవలడిగిండ్రు సారూ? ఒక్క మాట అడిగిన."

ఆయన నీళ్లు తాగకుండానే లేచి వెళ్లాడు. పోటీలో ఎవరివో అరువు కట్టెలతో ఆడి చిత్తుగా ఓడాడని విన్నాను. కడుపు చల్లబడింది. అత్తకు మాత్రం చల్లబడలేదు. ఆ సాయంత్రం ఆయన అలా వెళ్లగానే నా మీద విరుచుకుపడింది.

"సొల్యూషన్ అని ఎవలు జెప్పమన్నరే నీకు? పగ నాది. పని మీద పగ తీస్తవా? మనిషి మీద తియ్యి, చాతనైతే. మంచి కట్టెలు, ఆగమాగం జేస్తివి."

మర్నాడే భాయ్‌ని కూర్చోబెట్టి పెట్రోలు పద్ధతి నేర్పింది. ఆ పనితనం పోయి ఆ ఆఫీసరు కట్టెలకే చేరుతుందని ఆమెకు తెలుసు. తెలిసే నేర్పింది. ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా దారిలో ఎదురైతే అత్త పక్కకు తప్పుకోలేదు, నమస్తే పెట్టలేదు. నిలబడి చూసేది. చూడలేక ఆయనే కారద్దం ఎక్కించుకునేవాడని భాయ్ చెప్పాడు. ఆయన రిటైరై కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. అత్త రిటైరయ్యి, నాకు ఉద్యోగం వచ్చి, తెలంగాణ వచ్చి, గోడలమీద గులాల్ మరకలు ఇంకా పోకముందే ఆమె పోయింది.

దినాల మర్నాడు కాలనీ హాల్లో సంతాప సభ పెట్టారు. ఆ ఆఫీసరుకు నేనే ఫోన్ చేశాను. అత్త గురించి నాలుగు మాటలు చెప్పాలి, మీరు తప్పకుండా రావాలి అని ఎంతో తియ్యగా పిలిచాను. మా నాన్న పసిగట్టి, "సచ్చినామె మీటింగుల లొల్లి ఎందుకే?" అన్నాడు.

"కొంగు దులిపిచ్చిండు మీ అక్కతోని నాన్నా" అన్నాను. నాన్న కండువా భుజాన వేసుకొని కుర్చీలు తేవడానికి వెళ్లాడు.

ఆయన వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. ఫొటోకు దండ వేసి, మైకు తీసుకొని, "చాలా నిజాయితీ గల మనిషి. ఆమె పనితనం వల్ల మా అందరికీ ఎంతో ఖర్చు కలిసొచ్చింది" అన్నాడు. నిజాయితీ అనే మాట ఆ నోటినుంచి అంత సులువుగా జారింది చూడండి. నేను లేచి నిలబడ్డాను.

"నిజాయితీ అన్నరు గద సారూ. క్లబ్బు గేటు కాడ మా అత్తతోని కొంగు దులిపిచ్చిన రోజు మీరు గ్రిప్పులు ఎన్ని తెచ్చిండ్రు?"

మూడో వరసలోంచి భాయ్ లేచాడు. ఇప్పుడు సొంత ఆటో నడుపుకుంటున్నాడు, పోవడానికి ఎవరి దగ్గరా నౌకరి లేదు. చేతులు కట్టుకొని ఆయనకేసి చూస్తూ నిలబడ్డాడంతే. ఆయన భాయ్‌ని చూశాడు, ఫొటోను చూశాడు, మైకు కిందికి దించి ఏదో అన్నాడు. నాకు వినపడింది. కానీ నాకు వినపడితే సరిపోదు.

"మైకు నోటికాడ పెట్టుకోండ్రి సారూ. ఎనుకకు బొగ్గు కాడ పని జేసే ఆడోళ్లు కూసున్నరు, వాళ్లకు వినవడలె."

ఆయన మైకు పైకి ఎత్తాడు. "పన్నెండే తెచ్చాను" అన్నాడు. ఫొటోకేసి తిరిగి, "ఆమె తియ్యలేదు. నాకు తెలుసు" అన్నాడు. బయట స్తంభానికి కట్టిన మైకులోంచి ఆ మాట రోడ్డు మీదికి వెళ్లింది. పాన్ డబ్బా దగ్గర నిలబడ్డవాళ్లు ఇటు తిరిగి చూశారు.

తర్వాత ఆయన మైకు ఎవరికైనా ఇచ్చేద్దామని చెయ్యి చాపాడు. ముందు వరసలో ఉన్నవాళ్లం ఎవరమూ లేవలేదు. చాపిన చెయ్యి చాపినట్టే పెట్టుకొని, మా అత్త ఫొటో పక్కన ఆయన నిలబడే ఉన్నాడు.