ఇరవై అయిదు దాటిన మెరిలిన్

సముద్రపు ఒడ్డు ఊరు అల్వర్‌స్టన్‌లో మెరిలిన్ టక్‌వెల్‌ది ఒకటే పోరు. కరెంటు సైకిలు వేగం పెంచాలి. చట్టం ఒప్పుకునేది గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లే. అక్కడికి రాగానే మోటారు చేతులెత్తేస్తుంది, వెనక బంగాళాదుంపల లారీ హారన్ కొడుతూ మోచెయ్యి రాసుకుంటూ పోతుంది. "ముప్పై రెండు చెయ్యండి, రోడ్డు మీద బండ్లతో పాటే పోతాం. నడిచేవాళ్ళ దారికి అడ్డం రాం" అంటూ శనివారాలు సాసేజీలు కాల్చి అమ్మే బల్ల పక్కన నిలబడి సంతకాలు అడిగేది. మాట న్యాయమైనదే. మనిషికే ఓపిక తక్కువ. చట్టం మారేదాకా ఆగలేక, మేనల్లుడి చేత మోటారుకున్న ఆ వేగం కట్టడి కాస్తా తీయించేసింది.

చలికాలంలో ఒక ఉదయం వృద్ధాశ్రమంలో డ్యూటీకి ఆలస్యమైంది. రోడ్డు నిండా లారీలు. సముద్రం పక్కన నడకదారి ఎక్కి అదే జోరున పోయింది. వానలో ఒక ముసలాయన వీపు కనిపించింది. బ్రేకు వేసేలోపే హ్యాండిలు తగిలి ఆయన పడిపోయాడు. తిరిగి చూస్తే చెయ్యి ఊని లేవబోతున్నాడు. లేస్తాడులే అనుకుంది. ఆగితే బండి సంగతి బయటపడుతుంది, ఇన్నాళ్ళ పోరాటం నవ్వులపాలవుతుంది. తొక్కుకుంటూ వెళ్ళిపోయింది.

ఆయన లేవలేదు. తుంటి విరిగింది. ఆసుపత్రి నుంచి తిన్నగా మెరిలిన్ పనిచేసే ఆశ్రమానికే తెచ్చారు. క్లారీ హాడాక్, ఒకప్పటి రేవు కూలీ, ఒంటరివాడు. మళ్ళీ సొంతింటికి వెళ్తాడో లేదో డాక్టర్లే తేల్చడం లేదు. ఆయనకు స్నానం చేయించే పని మెరిలిన్‌కే పడింది. కుట్ల మచ్చ మీద సబ్బు రాసేటప్పుడు కళ్ళు గోడకేసి తిప్పుకునేది. చేసిన పాపం లోపల్లోపలే తినేస్తుంటే, టీతో ఆయనకు మాత్రం బిస్కెట్లు ఎక్కువ పెట్టేది.

"నన్ను మేపి క్రిస్మస్‌కి కోద్దామనా అమ్మాయ్?" అని నవ్వేవాడు క్లారీ.

ఒకరోజు స్నానమయ్యాక ఆయనే అడిగాడు. "ఏం లీడరమ్మా, ఊరందరి సంతకాలూ కావాలి గానీ నాది వద్దా? ఇటు తే."

"మీకెందుకులెండి క్లారీ."

"నాకు కాక ఇంకెవరికి? నన్ను గుద్దిపోయిన ఆ సైకిలు కుర్రకుంక రోడ్డు మీదే పోయుంటే నేనీపాటికి మా ఇంట్లో ఉండేవాణ్ణి."

మెరిలిన్ తువ్వాలు పక్కన పెట్టేసింది. ఈ సంతకం కూడా తీసుకుంటే ఇక అద్దంలో మొహం చూసుకోలేననిపించింది.

"కుర్రాడు కాదు క్లారీ. నేనే. దొంగతనంగా వేగం పెంచిన బండి. గుద్దింది నేనే."

క్లారీ ఆమె మొహంలోకి చూశాడు.

"వేగం సంగతి అట్లా ఉంచు. ఆగలేదేం?"

"లేస్తున్నారనుకున్నా."

"లేవాలనే చూశా. ఎవరైనా చెయ్యందిస్తారేమోనని చెయ్యి కూడా చాపా."

మెరిలిన్ ఏడ్చేసింది. "ఇప్పుడే వెళ్ళి మేనేజరుకి చెప్తా, పోలీసులకీ చెప్తా. రేపట్నుంచి మీకు వేరేవాళ్ళొస్తారు."

"చెప్పు. చెప్పాల్సిందే," అన్నాడు క్లారీ. "కానీ వాళ్ళు ఉండనిస్తే, స్నానానికి నువ్వే రా. ఈసారి గోడకేసి చూడకు."