బల్లి జారిన డెమో క్లాసు

ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చి కొలువు మాత్రం రాని ఆ రోజుల్లో, నాకు తెలియనిది ఈ లోకంలో లేదనుకునేవాణ్ణి. (ఇప్పుడు తెలిసింది ఏమైనా ఉందా అని వెతుక్కుంటున్నాను, అది వేరే సంగతి.) కోరుట్లలో ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు డెమో క్లాసు చెప్పమంటే సిరిసిల్లలో పొద్దున్నే బస్సెక్కాను. పాఠం నచ్చితే కొలువు, లేకుంటే మళ్లీ మా బాపు నడిపే మగ్గాల షెడ్డే గతి. ఏ ఆవేశమూ లేని పరమాణువులు ఒకదాన్నొకటి ఎందుకు ఆకర్షిస్తాయన్నది వాళ్లిచ్చిన పాఠం. ఒకదానిలో ఎలక్ట్రాన్లు ఓ క్షణం ఒక పక్కకు ఒరుగుతాయి, దాంతో పక్కదానిలోవీ ఒరుగుతాయి, ఆ ఒరుగుడులోనే కాస్త ఆకర్షణ పుడుతుంది. బస్సు జగిత్యాల చేరేసరికి అంతా అర్థమైంది, కోరుట్లలో దిగేసరికి ఏమీ అర్థం కాలేదు.

వెనక బెంచీలో పెద్దసారు (ప్రిన్సిపాలు, కెమిస్ట్రీలో ఉద్దండుడని పేరు) గోడకానుకుని కూర్చున్నారు. నేను చెప్పేది పిల్లలకు ఎక్కడం లేదు. నాకే ఎక్కనిది వాళ్లకేం ఎక్కుతుంది? అంతలో సారుకు పైన, గోడమీద ఒక బల్లి కనబడి నాకు ప్రాణం లేచొచ్చింది. దాని కాళ్లకు జిగురేమీ లేదు, ఈ బలమే దాన్ని పట్టుకుని ఉంది, కాబట్టి అది పడదు అని వేలు చూపించాను. అందరూ అటు తిరిగారు. బల్లి సారు బట్టతల మీద పడింది.

ముందు బెంచీ అమ్మాయి మెల్లగా, "సార్, బల్లి సున్నాన్ని గట్టిగనే పట్టుకున్నది. సున్నమే గోడను పట్టుకోలే" అన్నది. నా పాఠం కన్నా అదే తేటగా ఉంది. ఇక షెడ్డే అనుకుని సుద్దముక్క కింద పెట్టాను.

సారు నన్ను వరండాలోకి పిలిచారు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"కంచికి పోయినవా ఎప్పుడన్న?"

ఇదేం ఇంటర్వ్యూనో అర్థం కాక, మా అమ్మమ్మతో పోయానన్నాను.

"బంగారు బల్లిని ముట్టినవా?"

"ముట్టిన సార్."

సారు రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నారు. (ఆ బల్లిని ముట్టినవాళ్లను ముట్టుకుంటే నెత్తిన పడ్డ దోషం పోతుందని మావాళ్ల నమ్మకం.) ఆయన చేతులు వణుకుతున్నాయి. చూస్తుండగానే నాదీ వణకడం మొదలైంది. చాలాసేపు వదల్లేదు.

"రేపటి సంది రా. గీ ముచ్చట స్టాఫ్‌రూంల చెప్పకు" అన్నారు.

ఆ కొలువు నా పాఠానికి వచ్చిందో, కంచిలో పెట్టిన చేతికి వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. ఏటా అదే పాఠం చెబుతూ బోర్డు మీద సూత్రం రాస్తాను, మనసులో మాత్రం ఆ వరండానే కనబడుతుంది. పాపం, పాఠం అర్థం కాలేదని అప్పటి నాలోని ఆ కుర్రాడు ఎంత భయపడ్డాడో. పాఠమంతా అప్పుడు వాడి చేతిలోనే వణుకుతోంది.