మెయిన్ రోడ్డు ఎక్కకుండా పంజగుట్టకు

అమీర్‌పేటలో కాపురమున్న రోజుల్లో నా భార్య సుశీల పంజగుట్టలోని ఆఫీసుకు సందుల్లోంచే నడిచి వెళ్లేది. మెయిన్ రోడ్డు మీద అడుగు పెట్టేది కాదు. అది గొప్పగా చెప్పుకునేది కూడా. నా ఉద్యోగం సనత్‌నగర్ వైపు కావడంతో ఆ దారి నేనెప్పుడూ చూడలేదు. పోయిన ఏడాది ఆమె చనిపోయింది. ఆ సందులు ఇంకా కలుస్తాయో లేదో చూద్దామని మొన్న శనివారం బయలుదేరాను. షరతు ఒక్కటే, అదీ ఆమెదే. మెయిన్ రోడ్డు ఎక్కకూడదు.

పదకొండున్నరకు అమీర్‌పేట మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నుంచి మొదటి సందులోకి తిరిగాను. మెయిన్ రోడ్డు మీదైతే పంజగుట్ట ఇరవై నిమిషాల నడక. సందుల్లో అయితే గంట పెట్టుకోండి. ఒకప్పుడు ఇక్కడ ప్రతి సందూ ఇంకో సందులోకి దారి తీసేదట. ఇప్పుడు పాత ఇళ్లు కలిపి అపార్ట్‌మెంట్లు కట్టారు, మధ్యలోని సందు పార్కింగులో కలిసిపోయింది. కొన్నిచోట్ల కాలనీవాళ్లే గేటు పెట్టుకున్నారు. హాస్టళ్ల బాల్కనీల్లో ఆరేసిన బట్టలు చూసుకుంటూ వెళ్లడం, గోడ తగిలి వెనక్కి రావడం. చివరికి ఒక గేటు దగ్గర వాచ్‌మన్ కనిపించాడు.

"ఇటు నుంచి పంజగుట్ట వెళ్లొచ్చా?"

"పోతుండె సార్. గిప్పుడు బంద్. మెయిన్ రోడ్డు మీదికెళ్లి పోరాదుండ్రి, మస్తు ఆటోలున్నయ్."

"మెయిన్ రోడ్డు ఎక్కను."

నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "నడిచేటోళ్లకు సుత చలాన్ వేస్తున్నరా ఏంది?"

పక్కన ఇస్త్రీ బండి దగ్గరున్న ఆవిడ నవ్వింది. "మెస్‌లకెళ్లి పంపు అన్నా, జర."

మెస్‌లోంచి అంటే నిజంగానే మెస్‌లోంచి. ముందు తలుపు ఈ సందులో, చేతులు కడుక్కునే చోటు దాటాక వెనక తలుపు అవతలి సందులో. గేటు పడ్డాక చుట్టుపక్కలవాళ్లకు ఇదే రోడ్డు. నా ముందు ఒకాయన భుజం మీద గ్యాస్ సిలిండర్‌తో బల్లల మధ్య నుంచి వెళ్లిపోయాడు. తింటున్నవాళ్లు తలెత్తలేదు. కౌంటర్లో ఉన్నాయన భీమవరం మనిషి.

"భోజనమా, దారా అండీ?"

"దారేనండీ."

"అయితే కుడిపక్కగా వెళ్లండి. సాంబారు వస్తోంది, చూసుకోండి."

ఊరికే దాటిపోవడానికి మొహమాటం వేసి కూర్చున్నాను. తొంభై రూపాయల భోజనం, గోంగూర బాగుంది.

"రోజూ ఇంతమంది తిరుగుతుంటే మీకు ఇబ్బంది కాదా?" అని అడిగాను.

"దారికొచ్చినవాళ్లలో సగం మంది మీలాగే కూర్చుంటారండీ. తలుపు మూస్తే నష్టం నాకే."

వెనక తలుపు దాటాక సందులు మళ్లీ కలిశాయి. ఒంటిగంట లోపే సుశీల పనిచేసిన ఆఫీసు వెనక గేటు ముందు తేలాను. మెయిన్ రోడ్డు హారన్లు వినబడుతూనే ఉన్నాయి, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఇంటికి వెళ్లగానే ఆమెకు చెప్పాలనుకున్నాను. ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఊరు పెరిగేకొద్దీ రోడ్లు వెడల్పవుతున్నాయి, సందులు తెగిపోతున్నాయి. శివార్లలో కొత్త కాలనీల్లో గోడ అవతలి ఇంటికి వెళ్లాలన్నా బండి తీయాలి. ఇక్కడ మాత్రం జనం ఎలాగో ఒక తలుపు తెరిపించుకున్నారు. నేను నడిచింది పూర్తిగా సుశీల దారి కాదు, అందులో కొంత గేటు వెనక ఉండిపోయింది. అయినా చేరాను. మీరూ వెళ్తే ఒంటిగంట నుంచి రెండున్నర మధ్య వెళ్లకండి. మెస్ నిండి ఉంటుంది, ఆకలి లేకపోయినా వరుసలో నిలబడాల్సిందే.